ఎవరి కాళ్ళకు చెప్పిన మాట

తెల్లవారుతుండగా మా గేటు ముందు నుంచి సైకిళ్ళు పోతాయి. తొక్కడం ఆపినా తిరుగుతూ ఉండే చక్రం టిక్ టిక్‌మంటుంది. ఆ చప్పుడు వినగానే పాలగిన్నె కింద మంట తగ్గించి బయటికి వస్తాను. మెదక్‌లో బడిపిల్లలకు లెక్కలు చెబుతూ తల నెరిసిన దాన్ని, చప్పుళ్ళను కూడా లెక్కపెట్టే అలవాటు పోలేదు. టిక్కులు దగ్గరగా పడితే పిల్ల వేగం మీద వచ్చిందని, ఎడం పెరుగుతూ ఉంటే ఆగబోతోందని నాకు నేర్పింది ఎస్తేరు టీచర్. ఆమె లేకుండా ఇది రెండో వేసవి.

ఎస్తేరు మా బడిలో ఆటల టీచర్. నాకంటే నాలుగేళ్ళు చిన్నది. చర్చి వెనక వీధిలో ఉండేది. ఇద్దరం ఉద్యోగాలు ముగించుకున్నాక నేను ఇంట్లో పాత క్యాలెండర్లు సర్దుకుంటూ కూర్చుంటే, ఆమె ఫోన్‌లో సైకిల్ పందేల వీడియోలు చూడటం మొదలుపెట్టింది. పందేలతో ఆగలేదు. పెడల్ ఎలా తొక్కాలి, గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, ముందురోజు ఏం తినాలి అని చెప్పే వీడియోలన్నీ వెతికి దాచిపెట్టుకునేది. వాటిని చూసుకుంటూ నలుగురు ఆడపిల్లలకు రామాయంపేట రోడ్డు మీద తర్ఫీదు ఇచ్చేది. అంకెలు వచ్చినప్పుడల్లా నా దగ్గరికి వచ్చేది. "అక్కా, నువ్వు ఇడ్లీలు సుత తూకమేసి తింటవు. గీ లెక్కలు నీకు గాకుంటే ఎవ్వరికి?" అనేది.

ఆదివారం ప్రార్థన అయ్యాక పిల్లలు ఆమె ఇంటి ముందుగదిలో చేరేవాళ్ళు. ఊరగాయ జాడీకి ఫోన్ ఆనించి వీడియో పెట్టేది. చెప్పే మనిషి ఒక మాట పూర్తిచేయగానే తెర మీద వేలు పెట్టి ఆపేసేది. "ఎవరి కాళ్ళు?" అని అడిగేది. ఆ మాట ఎవరి కాళ్ళకు చెప్పినదో తేలితే తప్ప వీడియో ముందుకు కదిలేది కాదు. ఒకసారి ఒక తెల్లాయన, ఇంటి నుంచి బయల్దేరాక అరగంట దాకా నీళ్ళు అక్కర్లేదన్నాడు. ఎస్తేరు ఆపింది.

"ఆయన నోట్లకెల్లి ఏం వస్తున్నది, చూడుండ్రి."

"సలికి పొగ, టీచర్," అంది ఒక పిల్ల.

"మనకు చేగుంట రోడ్డు మీద గట్ల వస్తదా?"

"మనకు తలకాయలకెల్లి వస్తది."

అందరూ నవ్వారు. ఆ పూటే ప్రతి పిల్ల సైకిల్‌కూ రెండో నీళ్ళసీసా చేరింది. అప్పటిదాకా నాకు అంకె అంటే అంకే. ఎవరు చెప్పినా, ఎవరికి చెప్పినా మారనిది. దానికి ఒక మనిషి, ఒక రోడ్డు, ఒక ఎండ ఉంటాయని ఆ గదిలోనే తెలిసింది.

ఆ నలుగురిలో గట్టి పిల్ల నస్రీన్. తల్లి షాహీన్ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. నస్రీన్‌కు ఒకటే ఇబ్బంది, చివరి రెండు కిలోమీటర్లలో కాళ్ళు పట్టు తప్పేవి. ఆ ఏడు రాష్ట్ర జట్టు ఎంపిక రంజాన్ పండుగ అయిన పది రోజులకు పడింది. ఆమె వయసు వాళ్ళ విభాగంలో అదే ఆఖరి అవకాశం. ఎస్తేరు తనకు బాగా గురి ఉన్న ఒక కోచ్ వీడియోలోని ఆరు వారాల పథకాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంది. పొద్దున్నే గట్టిగా తొక్కాలి, తర్వాత తినాలి, తాగాలి, పడుకోవాలి. ఆ ఒక్కసారి ఆమె వేలు తెర మీదికి పోలేదు.

ఉపవాసాలు మొదలైన మూడో పొద్దు, తిరిగి వస్తూ నస్రీన్ సైకిల్ దిగి మైలురాయి పక్కన కూలబడింది. ఎస్తేరు నీళ్ళసీసా మూత తీసింది. పిల్ల పెదవులు బిగించి తల అడ్డంగా ఊపింది. ఎస్తేరు బలవంతం చేయలేదు. తువ్వాలు తడిపి తల మీద వేసి, ఆటోలో ఇంటికి తీసుకువచ్చింది. దారిలో మా గేటు దగ్గర నేనూ ఆటో ఎక్కాను.

షాహీన్ కుట్టుమిషన్ మీద నుంచి లేవలేదు. "టీచరమ్మా, రంజాన్ రోజా ఇడిచిపెట్టి తొక్కుడంటే మా ఇంట్ల నడవదు. సైకిల్ మీ ఇంట్ల పెట్టుకోండ్రి."

"తప్పు నాది షాహీన్. ఎవరి కాళ్ళు అని పిల్లలను అడిగిన, నన్ను నేను అడగలే," అంది ఎస్తేరు. కూతురి ముందే, నా ముందే అంది. షాహీన్ పాదం పెడల్ మీద ఆగింది.

మర్నాడు ఎస్తేరు మళ్ళీ వెళ్ళింది. ఉపవాసం ఉంటూనే పరుగుపందేలకు తయారయ్యే ఒకామె ఉర్దూలో మాట్లాడిన వీడియో వెతికి తెచ్చింది. "నాకు సగమే సమజైతున్నది. జర నువ్వు చెప్పరాదు," అని ఫోన్ షాహీన్ చేతికిచ్చింది.

షాహీన్ దారపు పోగులు దులుపుకుని అందుకుంది. "ఇఫ్తార్‌కు గంట ముందుగాల అల్కగ ఉరుకుమంటున్నది. ఆగంగనే నీళ్ళు, ఖర్జూర్ దొరుకుతయంట." ఇంకాస్త విన్నది. ఉన్నట్టుండి తెర మీద వేలు పెట్టి ఆపింది. "ఈమెకేంది, ఇంట్ల వండేటోళ్ళున్నరు. గా గంటల మా పిల్ల నాతోని సమోసలు చుడుతది."

ఎస్తేరు ముఖంలో నవ్వు దాగలేదు. తన ప్రశ్నను ఎవరూ నేర్పకుండానే ఇంకొకరు అడిగారు.

షాహీన్ ఫోన్ తిరిగి ఇచ్చేసింది. "గా గంట వంటింట్లకు రాకు," అంది కూతురితో. "సమోసలు జర తక్కువైతే మీ అబ్బాజాన్ ఏమన్న చిక్కిపోతడా?"

నేను పథకం మళ్ళీ వేశాను. మసీదు వాళ్ళు పంచిన కార్డులో సూర్యాస్తమయం కొద్దిరోజులకో నిమిషం ఆలస్యంవైపు జరుగుతూ ఉంది. దానితో పాటు నా పట్టిక కూడా జరిగింది. కదిలే పట్టిక అంతకుముందెన్నడూ రాయలేదు. కాలు తేలిగ్గా తిరగడమే ఆ నెల పని. బరువైన సాధన పండుగ తర్వాతికి పెట్టాం. సాయంత్రం అజాన్ వినిపించే వేళకు నస్రీన్ మా గేటు ముందు దిగేది. షాహీన్ ఖర్జూరాలు పట్టుకుని అక్కడే నిలబడి ఉండేది.

ఎంపికలో ఐదుగురిని తీసుకున్నారు. నస్రీన్ ఐదోది. చివరి రెండు కిలోమీటర్లలో ఆమె ఇద్దరిని దాటడం ముగ్గురం చూశాం. తిరుగు బస్సులో నేను, ఇంకొంచెం ముందు ఊపందుకుంటే నాలుగో స్థానం వచ్చేదని లెక్క చెబుతుంటే షాహీన్ మధ్యలోనే అందుకుంది. "మేడం, అయిదోదైతేంది? అయిదుల ఉన్నది గద. లెక్క బంద్ చేసి పల్లీలు తినుండ్రి." ఎస్తేరు నవ్వుకు బస్సులో వాళ్ళందరూ వెనక్కి తిరిగారు.

తర్వాత ఎస్తేరుకు జబ్బు చేసింది. దవాఖానాలో డాక్టర్ రోజూ ఇంతసేపు నడవాలని చెబితే, "ఎవరి కాళ్ళతోని, డాక్టర్ సాబ్?" అని అడిగింది. ఆ కుర్ర డాక్టర్ దుప్పటి తీసి, ఆమె కాళ్ళు చూసి, చెప్పింది సగానికి తగ్గించాడు.

ఇప్పుడు నస్రీన్, నేను కలిసి తెలుగులో చిన్న చిన్న వీడియోలు చేస్తున్నాం. ఆమె తొక్కుతుంది, నేను లెక్కలు చెబుతాను. తొక్కే పిల్ల వయసెంత, ఏం తిన్నది, ఏ రోడ్డు, ఎండ ఎంత అన్నవి చెప్పకుండా ఒక్క అంకె కూడా నా నోట రాదు. చూసేవాళ్ళు కొద్దిమందే. రేగోడ్ నుంచి ఒక పిల్ల, మా ఊళ్ళో ఎదురుగాలి ఎక్కువ, మాకెట్లా అని రాసింది. అడగడం తెలిసిన పిల్ల అనుకున్నాను.

ఈ పొద్దున టిక్కుల ఎడం పెరిగి ఒక సైకిల్ మా గేటు దగ్గర ఆగింది. కొత్త పిల్ల. ఒగరుస్తూనే ఫోన్ ముందుకు చాపింది. "మేడం, గీయన రోజు వంద కిలోమీటర్లు తొక్కుమంటున్నడు. తొక్కాల్నా?"

నా వేలు దానంతటదే తెర మీదికి పోయింది. ఆయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు.

"ఆయన సంగతి తర్వాత. పొద్దుగాల నువ్వేం తిన్నవ్?"

"చాయ్ తాగిన."

గేటు తీసి లోపలికి రమ్మన్నాను. పాలు కాగి ఉన్నాయి, రాత్రి చేసిన జొన్నరొట్టెలు రెండు మిగిలి ఉన్నాయి. లెక్క అక్కడ మొదలుపెట్టాం.