అల్యూమినియానికి తుప్పు పట్టించిన అల్లుడు

కొత్త అల్లుణ్ణి ఎవరూ తిట్టరు. ఆ ధైర్యంతోనే నేనొకసారి మా మామగారి పరువు తీయబోయాను. ఎలాగో చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి. ఆ రోజు నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మాది తెనాలి. ప్లాస్టిక్ ముక్కలు అతికించి, రంగులేసి, చిన్న చిన్న విమానాలు చేయడం నాకున్న పిచ్చి. మామగారిది బాపట్ల. వైమానిక దళంలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. రంగు వేయని ఓ పాత రవాణా విమానాన్ని పన్నెండేళ్లు తుడిచి తుడిచి మెరిపించిన మనిషి. ఆయన డెబ్బయ్యో పుట్టినరోజుకి ఆ విమానాన్నే చేసి ఇస్తానని మాటిచ్చాను. ఆయన సంబరపడిపోయి, దాని మీద తనతో పనిచేసిన నలుగురు స్నేహితుల్ని భోజనానికి పిలిచేశారు.

మూడు వారాల్లో విమానం తయారైంది. అద్దంలా మెరిసింది.

"ఎంత బాగుందో! ఇక ముట్టుకోకండి," అంది మా ఆవిడ శ్యామల.

"ఇది బొమ్మలా ఉందోయ్. ఎండకీ వానకీ తిరిగిన విమానం ఇంత శుభ్రంగా ఉంటుందా? దీనికి వయసు తెప్పించాలి."

"మీరెప్పుడైనా విమానాన్ని దగ్గర్నుంచి చూశారా?"

"వీడియోలు చూశాను."

పొగ గొట్టాల దగ్గర మసి పూశాను. రేకుల అతుకుల్లో నల్ల ఆయిల్ రంగు దించాను. బాగానే కుదిరింది. అక్కడ ఆగి ఉంటే మీకీ కథ ఉండేది కాదు. గోధుమరంగూ నారింజరంగూ కలిపి, రివెట్టు రివెట్టుకీ తుప్పు పెట్టాను. తోక మీద తుప్పు ధారలు కూడా కార్చాను. చివరికది రేపల్లె కాలవలో పదేళ్లు నాని పైకి తేలిన డబ్బాలా తయారైంది. నాకు మాత్రం మహా ముచ్చటేసింది.

పుట్టినరోజు పొద్దున్నే బాపట్లలో పెట్టె విప్పాను. మామగారు కళ్లజోడు పెట్టుకున్నారు. తీసి తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"అల్లుడుగారూ, ఈ ఎర్రగా ఉన్నదేంటండి?"

"తుప్పండి, మావయ్యగారూ."

"ఓహో, తుప్పాండి."

లేచి వంటింట్లోకి వెళ్లి అన్నం గిన్నె పట్టుకొచ్చారు. "మా పెళ్లినాటి అల్యూమినియం గిన్నెండి ఇది. దీనికి తుప్పెక్కడుందో కాస్త చూపించండి."

తిరగేసి, బోర్లించి చూశాను. "లేదండి."

"విమానం కూడా దీని చుట్టమేనండి."

ఇంకెవరైనా అయితే వీపు విమానం మోత మోగేది. నేను అల్లుణ్ణి కాబట్టి కోపమంతా 'అండి'లోకి దిగింది. ఆ గౌరవం కంటే రెండు దెబ్బలే నయం.

"మావాళ్లు పన్నెండింటికి వస్తారండి," అన్నారాయన మెల్లగా. ఆయన ముఖం చిన్నబోయింది. నిజంగా సిగ్గేసింది నాకు.

గేటు రంగుకి తెచ్చిన టర్పెంటైన్ ఇంట్లో ఉంది. లోపల అత్తగారు గారెలు వేస్తుంటే, బయట వరండాలో నేను దూదితో విమానాన్ని రుద్దుతూ కూర్చున్నాను. పక్కనే కుర్చీలో మామగారు.

"రెక్క కింద కూడానండి."

"మసి ఉంచనాండి?"

"మా విమానానికి మసి ఉండేది కాదండి. తీసెయ్యండి."

పన్నెండయ్యేసరికి విమానం మళ్లీ తళతళలాడింది. స్నేహితులొచ్చారు. అందరిలో పెద్దాయన విమానాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, మామగారి వైపు చూశాడు.

"అంతా బాగుందిగానీ, ఎడం ఇంజిను కింద నూనె మరకేదిరా? రోజూ నువ్వు తుడిచేవాడివి, రోజూ అది కారేది!"

నలుగురూ గొల్లుమన్నారు. మామగారైతే కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. నవ్వి నవ్వి, నా చెవి దగ్గరికొచ్చి అడిగారు.

"అల్లుడుగారూ, ఆ నల్లరంగు వెంట తెచ్చారాండి?"

ఒకే ఒక్క మరక వేశాను, ఆయన చూపించిన చోట, చూపించినంత. తర్వాత భోజనాల దగ్గర, ఆ గిన్నె మీద చెయ్యివేసి అందరి ముందూ ప్రమాణం చేశాను. తుడిచిన మనిషిని అడగకుండా ఏ విమానానికీ మురికి పూయను, తుప్పు మాట ఈ జన్మలో ఎత్తను అని. అన్నం అప్పుడే దించారు, చెయ్యి చుర్రుమంది. అందుకే ఆ ప్రమాణం ఇప్పటికీ తప్పలేదు.