తెడ్డుమూతి కొంగను నేను చూసిన రోజు

ఆ రోజుల్లో, అంటే తిరుపతిలో డిగ్రీ చదివే రోజుల్లో, నాకు పక్షుల మీద ఉన్న ప్రేమ కంటే, వాటిని నాకంటే ముందు చూసేవాళ్ళ మీద ఉన్న కుళ్ళే ఎక్కువ. (ఈ మాట ఒప్పుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది.) అందరి మీదా కాదు, ఒక్క మనిషి మీదే. మా తరగతిలో ఆ పిల్లను డేగ అనేవాళ్ళం. పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే ఇంటి పిల్ల. ఆకాశంలో చుక్కంత కనబడేదాన్ని ఉత్త కళ్ళతో చూసి, "అదో, గూడబాతు" అనేసేది. నేను చంద్రగిరి పిల్లను. నాయనను నెల రోజులు సతాయించి కొనిపించుకున్న బైనాక్యులర్స్ మెడలో వేసుకుని, పక్షుల పుస్తకం మొత్తం బట్టీపట్టినదాన్ని. నేను వాటిని కళ్ళకు ఆనించుకుని సరిచేసుకునేలోపు డేగ పేరు చెప్పడం, సార్ రాసుకోవడం, పక్షి తన దారిన తాను వెళ్ళిపోవడం కూడా అయిపోయేవి.

ఆ ఏడు చలికాలంలో మమ్మల్ని పులికాట్ ఒడ్డున ఉన్న అధ్యయన కేంద్రానికి తీసుకెళ్ళారు. తీసుకెళ్ళింది గొడుగు సార్ (ఎండైనా, మబ్బైనా ఆయన చంకలో గొడుగు ఉండాల్సిందే). దిగీ దిగగానే ఆయన, "రేపు పక్షుల్ని లెక్కబెట్టే పడవలో ఒక్కరికే చోటుండాది. ఈ పొద్దు ఎవురు ఎక్కువ రకాలు సూస్తే వాళ్ళకే. తెడ్డుమూతి కొంగను సూపిస్తే ఐదు రకాల కింద లెక్క!" అని ప్రకటించారు. మధ్యాహ్నానికి డేగ ఇరవై మూడు రకాలు చూసింది. నేను పంతొమ్మిది చూశాను. నిజానికి ఇరవై, కానీ కేంద్రంలో వంటామె పెంచుకునే కోడిని సార్ నిర్దాక్షిణ్యంగా జాబితాలోంచి కొట్టేశారు.

సరిగ్గా అప్పుడు దూరాన నీళ్ళలో తెల్లగా ఏదో కదిలింది. అది కొంగ కాదేమోనని నాకు ఆ క్షణమే అనుమానం వచ్చింది. కానీ డేగ అటు చూడలేదు. నాకది చాలు. "సార్, తెడ్డుమూతి కొంగ!" అని అరిచాను. సార్ గొడుగు పారేసి పరుగెత్తారు. ఆయన వెనక ఇరవై మందిమి బురదలో దిగాం. డేగ అందరికంటే ముందు. మోకాళ్ళ దాకా కూరుకుపోయి, ఒక చెప్పును సరస్సుకు సమర్పించుకుని తలెత్తి బైనాక్యులర్స్‌లో చూద్దును కదా, గాలి ఆగింది, నా కొంగ చప్పబడి వేలాడింది. అది వల కట్టిన గుంజకు తగిలించిన యూరియా సంచి. నాకు ఏడుపొచ్చేసింది. డేగ వెనక్కి తిరిగి నా ముఖం చూసింది. తర్వాత రెండు చేతులూ ఎత్తి, "ఎగిరిపోయినాది సార్! నేనూ సూసినా, తెడ్డుమూతే! ముందుకి రాబాకండి, ఈడ ఊబి ఉండాది!" అని అరిచింది. నా మాట నమ్మి వచ్చినవాళ్ళంతా ఆమె మాట నమ్మి వెనక్కి తిరిగారు. చివరికి నా అబద్ధం చెల్లడానికి కూడా ఆమె నోరే కావాల్సి వచ్చింది! అందుకూ కుళ్ళుకున్నాను.

పడవలో చోటు నాకే దక్కింది. సాయంత్రం బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కుంటూ అడిగాను, "ఎందుకు మే అట్ల చెప్పినావు?"

"నువ్వు బురదలో నిలబడి ఏడస్తా ఉంటే ఇంకేం సెప్పేది?"

"నీకు ఆ పడవలో పోవాలని లేదా?"

ఆమె మడమకు అంటిన బురద రుద్దుకుంది. "నీళ్ళ మద్దెన పక్షులుండే ఆ దిబ్బ కాడికి మా పడవల్ని రానియ్యరు మే. పుట్టినకాడి నుంచీ ఒడ్డు నుంచి సూసేదే. పోనీలే, నువ్వు పోయొచ్చి సెప్పు."

పొద్దున్నే సార్ దగ్గరికి వెళ్ళి సంచి సంగతి చెప్పేశాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "కోడిని రాసినప్పుడే నాకు తెలిసుండాల్సింది" అని, డేగను పిలిచారు. పడవ ఎక్కడానికి ఆమెకు సార్ గొడుగు ఊతం కావాల్సి వచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పడవలు ఎక్కే పిల్లకు!

మధ్యాహ్నం తిరిగి వచ్చి నేరుగా నా పక్కన కూర్చుంది. "ఎర్రరెక్కల రాజహంసలు ఒక్కసారిగా లేసినాయి మే. నీళ్ళు మొత్తం ఎర్రగా లేసి పోయినట్టు ఉన్నింది" అని మాత్రం అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. పట్టుకుని, లోపల భగ్గున మండిపోయాను.

ఆ తర్వాత చాలామందిని చూసి ఏడ్చాను. ఒకరి ఇల్లు, ఒకరి ఉద్యోగం, ఒకరి చీర. అవేవీ ఇప్పుడు గుర్తుకు తెచ్చుకోవాలనిపించదు. కానీ ఒక మనిషి కళ్ళు చూసిన అందానికి కుళ్ళుకున్నది మాత్రం ఆ ఒక్కసారే. అంత మంచి కుళ్ళు మళ్ళీ ఎప్పుడన్నా కలుగుతుందేమోనని ఈ వయసులో కూడా చిన్న ఆశ.