పుట్టకముందే అల్లిన స్వెట్టర్

కొన్నేళ్ళుగా ఒక్క మాట మోస్తున్నాను. మాట అనడానికి కూడా లేదు, ఊఁ కొట్టడం అంత చిన్నది. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళయితే ఈపాటికి బేరం మొదలుపెట్టేదాన్ని.

మా పుట్టింటివాళ్ళకి అమలాపురంలో బట్టల కొట్టు. గల్లాపెట్టె పక్కనే పెరిగాను. వద్దన్నవాళ్ళ చేత ఔననిపించడం నాకు అక్కడే అబ్బింది. పెళ్ళయి అంబాజీపేట వచ్చి, నలభై దాటాక, నాకు అల్లికల పిచ్చి పట్టింది. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఫ్యాను కింద కూర్చున్నా చెమట కారే ఊళ్ళో ఊలుతో పనేమిటి అంటారా? నా మొదటి మఫ్లరు ఒక చివర జానెడు, రెండో చివర మూరెడు వచ్చింది. కొబ్బరి వ్యాపారం చేసే మా ఆయన దాన్ని ఎత్తి చూసి, "కాయలు పోసుకోడానికి పనికొస్తాదే," అన్నాడు. రోషం వచ్చింది. ఈసారి చిన్నది అల్లాలి, బాగోలేదని తిప్పి పంపలేని మనిషికి అల్లాలి అనుకున్నాను.

అప్పుడు మా తోడికోడలు శిరీష కడుపుతో ఉంది. మరిది కువైట్‌లో ఉన్నాడు.

పుట్టబోయే బిడ్డకి ముందుగా బట్టలు సిద్ధం చేయకూడదని మా వైపు పట్టింపు. పుట్టాక కూడా మొదట పాత మెత్తటి గుడ్డే చుడతారు. నాకు తెలియనిదా? కడుపుతో ఉన్నవాళ్ళు కొట్టుకొచ్చి పసిబట్టలు అడిగితే మా నాన్న బేరం వదులుకుని మరీ "పుట్టేక రండమ్మా" అని పంపేసేవాడు. అయినా అల్లాను. పసుపురంగు ఊలు. ఎన్నిసార్లు ఊడదీసి మళ్ళీ అల్లినా ఒక చెయ్యి రెండోదానికన్నా పొడుగే వచ్చింది. కానీ ఎంత ముద్దొచ్చిందో! ఎవరికైనా చూపించకపోతే నిద్ర పట్టేలా లేదు.

శిరీష చూసి భయపడింది. "ఇప్పుడొద్దక్కా, అత్తయ్యగారు చూస్తే ఇంకేవన్నా ఉందా?" అంది. నేను ఊరుకుంటానా? చీరల అడుగున పడుంటుంది, ఎవరు చూస్తారన్నాను. బతిమాలాను. అలిగాను. చివరికి తీసుకుంది. బేరం గెలిచిన మొహంతో నా గదికి వచ్చాను.

నెలలు నిండకుండానే బిడ్డ పోయింది.

డాక్టరమ్మ బీపీ అంది. స్వెట్టర్ వల్ల బిడ్డ పోదని నాకు తెలుసు. నేను చెప్పుకోవలసింది స్వెట్టర్ గురించి కాదు.

శిరీషని ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు, మెత్తటి చీర కోసం బీరువా తీసిన మా అత్తగారికి అది దొరికింది. తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టారు.

"ఇది నీ అల్లికే కదా?"

"అవునండి."

"నీ అంతట నువ్వల్లేవా, అదడిగి అల్లించుకుందా?"

నేను పొయ్యి వైపు తిరిగాను.

"నిన్నే. శిరీషే అడిగిందా?"

"ఆయ్," అన్నాను.

"అంత తొందరేవిటే దానికి!" అంటూ ఆవిడ పీట మీద కూలబడి ఏడ్చేశారు.

ఎందుకన్నాను? ఆవిడ కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషీ కాదు. తెలివైన పెద్దకోడలు అని నలుగురిలో నాకున్న పేరు పోతుందనే కదా? అంతకన్నా మంచి కారణం దొరుకుతుందేమోనని ఇన్నేళ్ళూ వెతికాను. దొరకలేదు. పక్కగదిలో శిరీష పడుకుని ఉంది. తలుపు ఓరగా తీసే ఉంది. విందా?

తర్వాత ఏ బారసాలకి వెళ్ళినా అత్తగారు ఎవరో ఒకరితో అనేవారు: "మా చిన్నది ముందే అల్లించేసుకుందండీ, ఏం చెప్తాం." శిరీష తల వంచుకునేది. ముందే ఎందుకు అల్లించుకున్నావని మరిది కూడా ఫోన్లో అడిగాడట. నా పేరు మాత్రం శిరీష నోట ఎప్పుడూ రాలేదు. అత్తగారే అలా అనుకున్నారనుకుంటోందా, నేను చెప్పానని తెలిసే ఊరుకుందా? కొన్నాళ్ళకి ఆమెకి కొడుకు పుట్టాడు. ఆ రోజు నేను తేలికపడ్డాను, పాడైన సరుకు మార్చి ఇచ్చేసినట్టు. ఛీ. అలాంటి బుర్ర నాది. అత్తగారు ఆ మాట నమ్ముతూనే పోయారు. సరిదిద్దడానికి ఇక ఆవిడ లేరు.

ఇప్పుడు మా అమ్మాయి కడుపుతో ఉంది. నిన్న శిరీష అమలాపురం నుంచి ఊలు కొనుక్కొచ్చింది.

"నాకూ నేర్పక్కా. మనవడికి నేనే అల్లుతాను."

ఉండ చూశాను. పసుపురంగు. సూదుల కోసం లేవబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"పుట్టేక మొదలెడదాం. ఇప్పుడైతే మళ్ళీ నేనే అడిగేననుకుంటారు," అని నవ్వింది.

ఆ నవ్వులో ఏముందో రాత్రంతా వెతికాను. నిష్ఠూరమా, క్షమా, ఉత్త నవ్వేనా? ఈ మధ్యాహ్నం మళ్ళీ వస్తానంది. ఎదురుగా కూర్చుంటే నోరు పెగులుతుందో లేదో తెలియదు. నన్ను నేను ఎరుగుదును. సగం చెప్పి మిగతా సగం తగ్గించుకోవాలని చూస్తాను.

అందుకే ముందు మీ దగ్గర, తగ్గింపు లేకుండా చెబుతున్నాను. శిరీష అడగలేదు. వద్దంది. నేనే అల్లాను, నేనే అంటగట్టాను, నేనే ఆయ్ అన్నాను.

రాసేశాను. వీధి గేటు చప్పుడైంది, శిరీషే అయి ఉంటుంది. ఈ కాగితం దాచడం లేదు.