దోసెడు సజ్జలు

“ఇంగ్లీషులో మెనీకీ వేరియస్‌కూ తేడా అడుగుతారంట. నాకు తెలీదు. నేను పరీక్షకు రానమ్మా, ఇంటికి పోదాం.”

“టికెట్టు కొన్నాక ఇంటికేందే? చాలా అనడానికి ఒక్క మాట సరిపోదా ఆ దొరలకు?”

గిద్దలూరు స్టేషన్‌లో నా కూతురు ఏడుస్తోంది. ఎదుట కూర్చున్న పెద్దాయన నేను మార్కాపురం తీసుకెళ్తున్న విత్తనాల మూటలు విప్పమన్నాడు. దోసెడు సజ్జలు తన తువాలు మీద పోశాడు.

“ఇవి మెనీ, పాపా.” వాటిలో కందులు, అలసందలు కలిపాడు. “ఇప్పుడు వేరియస్. చాలానే, కానీ రకరకాలు.”

“మా చేలో చల్లినట్ల!” పాప నవ్వింది.

“గింజ కింద పడితే ఊరుకోను, అన్నా,” అన్నాను.

పడినవన్నీ ఏరిచ్చి ఆయన తన రైలెక్కాడు. ఆయన పేరైనా నేను అడగలేదు. ఇప్పటికీ విత్తే ముందు ఆయనకు మనసులో దండం పెట్టుకుంటాను.

ఆ మరునాడు పొద్దున మార్కాపురంలో పాప నా చెయ్యి వదిలి పరీక్ష గదిలోకి వెళ్లింది.