యానాం టీచరు చెప్పని అర్థం

నాగోల్‌లో మా అపార్ట్‌మెంటు పక్కన కొత్త గోడలకు నీళ్లు కొట్టినప్పుడల్లా తడి సిమెంటు వాసన వస్తుంది. ఆ వాసనకు ఇప్పటికీ లేచి కిటికీ మూసేస్తాను. ఎనభైల్లో, దిల్‌సుఖ్‌నగర్ వెనక కాలనీలు లేస్తున్న రోజుల్లో, సగం కట్టిన మా ఇంట్లో ఆ వాసన మధ్యే నేనొక ఉత్తరం తప్పు చదివాను.

మాది నల్లగొండ పక్క పల్లె. నాన్న వెల్డరు. ఓడల మరమ్మతు పనికని ఒక ఏజెంటు ద్వారా స్పెయిన్ రేవుకు వెళ్లాడు. రెండు నెలలుగా ఆయన నుంచి ఉత్తరం లేదు. నేను ఇంటర్లో మార్కుల కోసం ఫ్రెంచి తీసుకుని, పక్కవీధి సరోజినీ టీచరు దగ్గర ట్యూషన్ చదివేదాన్ని. ఆవిడది యానాం. చిన్నప్పుడు ఫ్రెంచివాళ్ల బడిలో ఫ్రెంచి, లాటిన్, కొంచెం ఇటలీ భాష చదువుకున్న మనిషి. నేను తొందరపడి అర్థం చెబితే పెన్సిలు కింద పెట్టి, "తెలుసా, అనుకుంటున్నావా?" అని అడిగేది.

ఒక మధ్యాహ్నం స్పెయిన్ ఉత్తరం వచ్చింది. అందులో నాన్న పేరుంది కానీ చేతిరాత నాన్నది కాదు, భాషా మనది కాదు. నాలుగే వాక్యాలు. ఫ్రెంచి చదువుతున్నావు కదా, చెప్పమంది అమ్మ. కొన్ని మాటలు ఫ్రెంచికి దగ్గరగానే ఉన్నాయి. ఆసుపత్రి అన్నది తెలిసింది, రక్తం అన్నదీ తెలిసింది. చివర్లో ‘సాలియో’ అని ఉంది. ఫ్రెంచిలో ‘సాలీర్’ అంటే మురికి చేయడం. గాయానికి మురికి పట్టిందేమో అనుకుని, సెప్టిక్ అయిందని చెప్పేశాను. మా చిన్నాయన గొడ్డలి గాయం అట్లాగే ముదిరి చనిపోయాడు. అమ్మ పచ్చి గోడకు ఆనుకుని కూలబడిపోయింది.

టీచరు ఇంటికి పరుగెత్తాను. ఆవిడ రెండుసార్లు చదివి, ఆ మాట దగ్గర ఆగింది. ముఖం పాలిపోయింది. ఏమని ఉందని అడిగాను.

"నాకు స్పానిష్ రాదమ్మా. రానిదానికి అర్థం చెప్పను," అని చెప్పులు వేసుకుంది.

కోఠి దగ్గర ఒక కాన్వెంటులో స్పెయిన్ నుంచి వచ్చిన ముసలి సిస్టర్ ఉందట. బస్సులో టీచరు నా చెయ్యి వదల్లేదు. ఆ చెయ్యంతా చెమట. మలక్‌పేట దాకా ఏడుపు ఆపుకున్నాను, ఆ తర్వాత నా వల్ల కాలేదు. ఆవిడ ఊరుకోమని కూడా అనలేదు.

సిస్టర్ కళ్లద్దాలు తుడుచుకుని చదివింది. ఇనుప పలక పడి నాన్న కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. రక్తం చాలా పోయింది. సోమవారం ఆసుపత్రి నుంచి ‘సాలియో’, అంటే బయటికి వచ్చాడు. చెయ్యి కట్టులో ఉన్నందున పక్క మంచం రోగి ఈ ఉత్తరం రాసిపెట్టాడు.

తిరుగు బస్సులో టీచరు నెమ్మదిగా చెప్పింది. "లాటిన్‌లో ఉరకడం అనే మాట ఒకటుంది. స్పెయిన్‌లో అది బయటికి రావడమైంది, ఇటలీలో పైకెక్కడమైంది. ఫ్రెంచిది చూడ్డానికి అలా ఉంటుందంతే, దాని పుట్టుకే వేరు. మీ అమ్మ ఉరుకు అంటే పరుగెత్తమని. మా వైపు ఉరకడమంటే దూకడం. మన తెలుగులోనే ఇంతుంది కదా." నా చెయ్యి మళ్లీ పట్టుకుంది. "నాకు ఇటలీ మాట తెలుసు. పైకి వెళ్లాడు, అంటే పోయాడేమో అని. కోఠి దాకా నా గుండెల్లో అదే."

ఇంటికి రాగానే టీచరు నన్ను ముందుకు నెట్టి, తాను గుమ్మంలో నిలబడింది.

"నేను తప్పు చెప్పిన అమ్మా. నాయిన బతికే ఉన్నడు," అన్నాను.

అమ్మ, "రానిది వచ్చినట్టు ఇంకెప్పుడు చెప్పకు బిడ్డా. నా పానం గుంజినట్టయింది," అంది. మరుసటేడు నాన్న వచ్చేదాకా, వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ, తెలుగులో ఉన్నా సరే, నన్ను దాటుకుని టీచరు దగ్గరికే తీసుకుపోయింది.

టీచరు పోయి చాలా ఏళ్లయింది. నేనిప్పుడు ఎల్బీనగర్‌లో దవాఖాన కాగితాలు అనువాదం చేస్తాను. అనుమానం వచ్చిన మాట దగ్గర, తెలియదు, కనుక్కుని చెబుతానంటాను. కొందరు విసుక్కుంటారు, కొందరు లేచిపోతారు. అయినా అంటాను. ఆ తర్వాత ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం వైపు చూడాలంటే మాత్రం ఇప్పటికీ భయమే.