గురువారం చూసిన బీపీ

రాగసుధకు కోపం ముక్కు మీదే ఉంటుంది. జగ్గయ్యపేటలో వాళ్ల వీధిలో అందరూ ఆ సంగతి ఎరుగుదురు. నందిగామలో నర్సింగ్ మూడో ఏడు చదువుతోంది, రోజూ బస్సులో పోయి వస్తుంది. లారీ తోలే నాన్నకు బీపీ ఉందని ఎవరూ చూసి చెప్పిన పాపాన పోలేదు. కుడి చెయ్యీ కాలూ పడిపోయాకే తెలిసింది. అప్పట్నుంచి ఆ పిల్లకు బీపీ అంటే పగ.

ఆ పగతోనే నలుగురు స్నేహితురాళ్లను కూడగట్టి, మిర్చి గోదాముల వెనక పేటలో నెలకో ఆదివారం బీపీ క్యాంపు మొదలుపెట్టింది. అక్కడ ఆడవాళ్లంతా మిరపకాయల తొడిమలు తీసే కూలీలు. బీమా అన్న మాట ఆ పేట గడప తొక్కలేదు. రిటైరైన డాక్టరుగారొకరు చీటీలు రాస్తే, ఈ పిల్లలే మందుల షాపుల వాళ్లను బతిమాలి నెలకు సరిపడా మాత్రలు తెచ్చి పంచేవారు.

ఆ కూలీల్లో ఒకామె హసన్‌బీకి మొదటి నెల బీపీ నూట తొంభై ఉంది. తర్వాత నాలుగు నెలలూ నూట ముప్ఫై దాటలేదు. మిగతావాళ్లకూ అంతే. రాగసుధ మురిసిపోయింది. క్యాంపు నడిచేది కాలేజీ పేరు మీదే కాబట్టి ప్రిన్సిపాల్ వరప్రసాదరావు అంతకన్నా మురిశాడు.

"అందరికీ తగ్గిపోయిందిగా అమ్మా. ఇక ఇక్కడ ఆపేసి పరిటాలలో పెడదాం. హైవే పక్కన బ్యానరు కడితే పదిమందీ చూస్తారు."

బ్యానరుకేమన్నా బీపీ ఉందా అని నోటిదాకా వచ్చింది. మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి కాబట్టి మింగేసింది.

గురువారం కాలేజీ నుంచి వస్తూ, క్యాంపు ఇక ఉండదని చెప్పడానికి పేటకు వెళ్లింది. అలవాటు కొద్దీ సంచిలోంచి బీపీ మిషన్ తీసి హసన్‌బీ చేతికి పట్టీ చుట్టింది. రెండొందల పది. మిషన్ పాడైందేమోనని మళ్లీ చూసింది. అంతే ఉంది.

"మాత్రలు వేసుకుంటున్నావా లేదా పిన్నీ?"

"వేసుకుంటున్నానమ్మా. మీరొచ్చే ఆదివారానికి వారం ముందు మొదలెడతా. ఎక్కువొస్తే నువ్వు అరుస్తావుగా. పేటలో అందరం అంతే."

హసన్‌బీ ట్రంకుపెట్టె తెరిచి చూపించింది. చీరల అడుగున రబ్బరుబ్యాండు వేసిన మాత్రల షీట్లు.

రాగసుధకు ఒళ్లు మండిపోయింది. "చచ్చిపోదామనా? చెయ్యి పడిపోతే తొడిమలెట్టా తీస్తావ్? మా నాన్నను చూశావుగా. అన్నం కూడా అమ్మే పెట్టాలి."

"అరవకమ్మా. మీలాంటి పిల్లలు ఇంతకుముందూ వచ్చారు. ఫొటోలు దిగి పోయారు. మీరూ ఏదో ఒకరోజు మానేస్తారు. అప్పుడు నాకెవరిస్తారు? అందుకే దాచుకుంటున్నా."

 రాగసుధ వచ్చింది ఆ ముక్క చెప్పడానికే. ప్రిన్సిపాల్ మీద మండిన కోపం తన మీదకే తిరిగింది. నాలుగు నెలలు అంకె చూసి మురిసింది తప్ప, ఒక్కసారైనా చెప్పకుండా వచ్చి చూడలేదు.

అక్కడే నిలబడి ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసింది. "సార్, పరిటాలకు నేను రాను. ఈ పేటలో ఎవరికీ తగ్గలేదు." ఆయన మార్కుల సంగతి ఎత్తాడు. "మీ ఇష్టం సార్, ఎన్ని వేసుకుంటారో వేసుకోండి" అని పెట్టేసింది.

గ్లాసు నీళ్లు తెచ్చి హసన్‌బీ ముందు పెట్టింది. "నా కళ్లముందే వేసుకో పిన్నీ. రేపూ వస్తా. ఎల్లుండీ వస్తా."

 హసన్‌బీ మాత్రను పంటితో సగానికి కొరికి మింగి, మిగతా సగం కొంగున ముడేసుకుంది.