పసుపు పూసిన పలక

పలమనేరులో సెల్‌ఫోన్లు బాగుచేసే సునీల్‌కుమార్‌కి ఊరంతా కలిసి పిచ్చి అంటగట్టింది. వాళ్ళ చేని దగ్గర ఆవుల కొట్టానికి కరెంటు లైను లేదు. అక్కడ గుంజకు సోలార్ పలక, దాని కింద బ్యాటరీ, పక్కన పెట్టెలో అరచేతంత కంప్యూటర్ బిగించాడు. అదే అతని సర్వర్. రోజూ పొద్దున్నే కొట్టాన్ని ఫోటో తీసి, ఇంటర్నెట్‌లో ఆ పేజీ తెరిచినవాళ్ళకి చూపిస్తుంది.

"నీ ఆవును సూసేదెవురప్పా?" అని నవ్వేవాళ్ళు నవ్వారు.

చూసేది చెల్లెలు మహిత. పేజీ చిరునామా పంపింది ఆమె ఒక్కదానికే. ఆ ఫోటోలో కనబడే నల్లావును దూడప్పుడు సీసాతో పాలు పట్టి సాకింది ఆమే. నచ్చినవాణ్ణి చేసుకుని బెంగళూరు పోయింది. "ఇంట్లో ఆ పేరెత్తితే నేనుండను" అన్నాడు నాయన. మహితకీ పంతం తక్కువేం కాదు, అన్న ఫోన్ చేస్తే ఎత్తదు. అయినా పేజీని రోజుకొకసారి ఎవరో తెరుస్తున్నట్టు పెట్టె చెబుతూనే ఉంది. ఎవరో ఏమిటి, ఆమే. ఆ ఒక్కసారిని చూసుకుని సునీల్ కడుపు నిండినట్టు ఇంటికి పోయేవాడు.

ఆయుధపూజ నాడు అమ్మ ఆదిలక్ష్మమ్మ ట్రాక్టరుకు, మోటారుకు పసుపు పూసి బొట్లు పెట్టింది. కొడుకు పెట్టిన పలకను మాత్రం వదలడమెందుకని దానికీ రెండు చేతులా దిట్టంగా పూసేసింది. ఇంకేముంది, పలకలోకి ఎండ దిగలేదు. బ్యాటరీ ఉన్నంతసేపు నడిచి పెట్టె ఆగిపోయింది.

అప్పుడు మోగింది ఫోన్.

"అన్నా, నేను. ఆవు కనపళ్ళేదే, బాగుండాదా? అమ్మ బాగుండాదా?"

ఎన్నాళ్ళకు విన్న గొంతు. సునీల్ ఫోన్‌ను చెవికి అదుముకున్నాడు. "బాగుండారు పాపా. పెట్టె ఆగిపోయినట్టుండాది, సూస్తా" అన్నాడు. "సరే అన్నా" అని ఆమె పెట్టేసింది.

తడిగుడ్డ తీసుకుపోయి పలక ముందు చతికిలబడ్డాడు. తుడిస్తే ఆవు కనబడుతుంది, ఇక ఆమె ఫోన్ చేసే పనే ఉండదు. తుడవకపోతే మళ్ళీ చేస్తుందేమో. ఇంకొక్కసారి 'అన్నా' అంటే చాలనిపించింది.

గడ్డిమోపుతో వచ్చిన అమ్మ, "ఏమిరా, దిగాలుగా కూసున్నావు?" అంది. దాచకుండా అంతా చెప్పేశాడు. ఆమె మోపు కింద పడేసింది. అతని చేతిలోని గుడ్డ లాక్కుంది.

"ఆవుకేమయిందోనని అది ఆడ అల్లాడతా ఉంటే, నువ్వీడ మాట కోసరం కాసుకోని కూసుంటావా?" అంటూ పసుపంతా తుడిచేసింది. ఆ మీదట గొంతు తగ్గించి అడిగింది. "ఫోటో ఎప్పుడు తీస్తాది?"

"పాలు పిండే పొద్దుకు."

"మీ నాయన పాలు పోసేదానికి డెయిరీకి పోయినాక తీసేటట్టు సెయ్యి."

ఒక రోజంతా ఎండ తాగి పెట్టె లేచింది. మరుసటి పొద్దున ఫోటోలో ఆవు లేదు. తల దువ్వుకుని, పూలు పెట్టుకుని, కెమెరాకు ఆనుకున్నంత దగ్గరగా ఆదిలక్ష్మమ్మ ముఖం. ఏదో చెబుతోంది, నోరు తెరుచుకునే ఉంది. ఫోటోలో మాట వినబడదని ఆమెకు తెలియదు.

ఆ రోజు పేజీ ఒక్కసారి తెరిచి ఊరుకోలేదు మహిత. సాయంత్రం దాకా తెరుస్తూనే ఉంది. సునీల్ సెల్‌ఫోన్ల కొట్టులో పని మానేసి, ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు. అది మోగలేదు.